రొయ్యల చెరువు నీళ్లకు రంగు తెప్పించడం: యూరియానా, తవుడు జ్యూసా, ప్యాకెట్టా?

శుక్రవారం రాత్రి మియాపూర్‌లో భీమవరం బస్సు కోసం నిలబడ్డవాళ్లలో కొందరి ఆఫీసు బ్యాగుల్లో లాప్‌టాప్ పక్కనే పీహెచ్ కిట్ కూడా ఉంటుంది. నా బ్యాగులో ఉంటుంది. ఉండి దగ్గర మాకు మూడెకరాల చెరువు ఉంది. నాన్నకు మోకాళ్ల నొప్పులు వచ్చి గట్టు ఎక్కడం కష్టమైనప్పటి నుంచి నేనే చూస్తున్నాను. వారమంతా గచ్చిబౌలిలో ఉద్యోగం. చెరువు దగ్గర గుమస్తా ఉంటాడు. నాకు వాట్సాప్ ఉంటుంది.

మా అపార్ట్‌మెంట్‌లోనే ఇలాంటి చెరువు యజమానులు ముగ్గురున్నారు. పంట మొదలయ్యే ముందు ముగ్గురూ అడిగే ప్రశ్న ఒక్కటే: నీళ్లకు రంగు రావడానికి యూరియా, సూపర్ (సూపర్ ఫాస్ఫేట్) వేయాలా, తవుడు పులియబెట్టి పోయాలా, షాపువాడు ఇచ్చే ప్యాకెట్ కొనాలా? ఊళ్లో ఒకాయనైతే ఇంకా కోళ్ల ఎరువే మేలంటాడు. ఒక్కొక్కరికి విడివిడిగా ఫోన్‌లో చెప్పేకంటే అన్నీ ఒకచోట రాసి పెడదామని కూర్చున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ సరుకు గొప్పది అన్నది రెండో ప్రశ్న. పొద్దున ఐదున్నరకు మీ చెరువు గట్టు మీద ఎవరు నిలబడి నీళ్లు చూస్తారు అన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు దొరికితే ఎంపిక చాలావరకు తేలిపోతుంది.

రంగు ఎందుకు కావాలి

హేచరీ నుంచి వచ్చిన రొయ్యపిల్ల మొదటి రెండు మూడు వారాలు మనం చల్లే పొడి మేత కంటే నీళ్లలోని సూక్ష్మజీవులనే ఎక్కువ ఇష్టంగా తింటుంది. ముందు కంటికి కనిపించని నాచు కణాలు పెరుగుతాయి. వాటిని తింటూ చిన్న చిన్న పురుగులు పెరుగుతాయి. మనవాళ్లు జూప్లాంక్టన్ అనేది వీటినే. పిల్లకు అసలైన తిండి ఆ పురుగులే.

రంగుతో ఇంకో ప్రయోజనం నీడ. నీళ్లు తేటగా ఉంటే ఎండ అడుగు దాకా దిగి, అక్కడ నాచు దుప్పటిలా పరుచుకుంటుంది. నాలుగు రోజుల తర్వాత అది ముక్కలు ముక్కలుగా పైకి తేలి, గాలివాటున మూలకు చేరి కుళ్లుతుంది. ఇది నేను అనుభవించి నేర్చుకున్నాను, కింద చెబుతాను.

దేన్ని బట్టి పోల్చాలి

షాపులో అడిగితే "ఎన్ని రోజుల్లో రంగు వస్తుంది" అన్న ఒక్క లెక్కే చెబుతారు. నేను చూసేవి వేరే.

వచ్చిన రంగు ఎన్నాళ్లు నిలుస్తుంది? నాచు మాత్రమే పెరుగుతుందా, పురుగులు కూడా పెరుగుతాయా? పొద్దున పీహెచ్‌కూ సాయంత్రం పీహెచ్‌కూ తేడా ఎంత? ఆ తేడా అర పాయింటు లోపు ఉంటే నిశ్చింత. అడుగున బురద ఎంత చేరుతుంది? రోజూ ఎంత పని పడుతుంది? అన్నిటికన్నా ముఖ్యంగా, ఎక్కడైనా తేడా వస్తే అది నాలుగు రోజులు టైమిచ్చి వస్తుందా, రాత్రికి రాత్రే కూలుతుందా? హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఈ చివరి ప్రశ్నకు మిగతావాటికంటే రెట్టింపు మార్కులు వేయాలి. మనం బస్సెక్కి చేరేసరికి తెల్లారిపోతుంది.

చేరాల్సిన అంకెలు ఇవి: పీహెచ్ 7.5 నుంచి 8.5 మధ్య, ఆల్కలినిటీ (పీహెచ్ ఊగకుండా పట్టి ఉంచే గుణం) కనీసం 100 పీపీఎం (లీటరుకు 100 మిల్లీగ్రాములు), తెల్లవారుజామున కూడా ఆక్సిజన్ 4 పీపీఎంకి తగ్గకుండా. నలుపు తెలుపు రంగు వేసిన రేకు పళ్లేన్ని తాడు కట్టి దించితే 30 నుంచి 40 సెంటీమీటర్ల దగ్గర కనుమరుగు కావాలి. 60 దాకా కనిపిస్తుంటే నీళ్లు పలచన. 20కే మాయమైతే మరీ చిక్కన.

ఏ దారి పట్టినా ముందు చేయాల్సిన పని

ఎరువు సంగతికి వచ్చేముందు రెండు మాటలు. ఈ పని సరిగ్గా కాకపోతే పై నాలుగు దారుల్లో ఏదీ పనిచేయదు.

అడుగు ఎండాలి. కాలేస్తే దిగబడకుండా, నేల పగుళ్లిచ్చేదాకా. పోయిన పంట నల్లబురద గట్టు అవతలికి పోవాలి. గతంలో ఈహెచ్‌పీ (రొయ్యను ఎదగనివ్వని సూక్ష్మజీవి) తగిలిన చెరువైతే మామూలు సున్నంతో సరిపెట్టుకోకండి. దాని బీజాలు బ్లీచింగ్‌కు అంత తేలిగ్గా లొంగవు. బాగా ఎండిన నేల మీద హెక్టారుకు 6 టన్నులు, అంటే ఎకరాకు దాదాపు రెండున్నర టన్నుల కాల్చిన రాతి సున్నం వేసి, 10, 12 సెంటీమీటర్ల లోతు దున్ని, తర్వాత తడపాలి. మట్టి పీహెచ్ 12 దాకా ఎక్కి కొన్ని రోజుల్లో దానంతట అదే దిగుతుంది. ఖర్చే, కాదనను. కానీ పంట మధ్యలో సైజు రాక ఆగిపోయిన రొయ్యకు రోజూ మేత వేయడం అంతకంటే పెద్ద ఖర్చు.

నీళ్లు సన్నని వల గుండా తోడి, మూడు రోజులు తేరనిచ్చి, అప్పుడు బ్లీచింగ్. లెక్క ఇలా: ఎకరం చెరువులో నాలుగడుగుల నీళ్లుంటే దాదాపు 4,900 ఘనపు మీటర్లు. కాబట్టి 1 పీపీఎం అంటే ఎకరాకు సుమారు 5 కిలోలు. ఈ లెక్క గోడ మీద రాసి పెట్టుకోండి, అన్నిటికీ పనికొస్తుంది. 60 పీపీఎం బ్లీచింగ్ అంటే ఎకరాకు 300 కిలోలు, పాతిక కిలోల బస్తాలు పన్నెండు. పీహెచ్ తక్కువగా ఉంటేనే క్లోరిన్ బాగా పనిచేస్తుంది. అందుకే బ్లీచింగ్‌కు ముందు నీళ్లలో సున్నం చల్లకూడదు. మా దగ్గర చాలామంది ఈ వరుస తలకిందులు చేసి, "బ్లీచింగ్ వేసినా పీతలు చావలేదు" అంటుంటారు.

తర్వాత ఏరేటర్లు తిప్పుతూ, ఎండ తగలనిస్తూ కనీసం మూడు నాలుగు రోజులు ఆగాలి. వాసన పోయింది కదా అని నమ్మొద్దు. క్లోరిన్ కిట్‌లో రంగు రాకుండా ఉంటేనే అది పోయినట్టు. అది పోకముందు పోసిన ప్రోబయాటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) పోసినట్టే చస్తుంది.

బ్లీచింగ్ వైరస్‌ను మోసుకొచ్చే పీతల్ని, అడవి రొయ్యల్ని చంపుతుంది. దాంతో పాటు నీళ్లలోని మంచి ప్రాణుల్నీ చంపుతుంది. అంటే మీ చేతిలో ఉన్నది ఉత్త నీళ్లు. ఎంపిక మొదలయ్యేది ఇక్కడి నుంచి.

నాలుగు దారులు ఒక్క చూపులో

| చూసేది | యూరియా, సూపర్ | పులియబెట్టిన తవుడు | రెడీమేడ్ ప్యాకెట్ | పేడ, కోళ్ల ఎరువు |
|---|---|---|---|---|
| రంగు రావడానికి | మంచి ఎండలో 3–5 రోజులు | వారం, పది రోజులు | సరుకును బట్టి | వారం పైనే |
| నిలకడ | తక్కువ | ఎక్కువ | చెప్పలేం | మధ్యస్థం |
| పురుగులు పెరగడం | నెమ్మది | బాగా | ఒక్కోసారి | బాగా |
| పీహెచ్ ఊగిసలాట | ఎక్కువ | తక్కువ | మధ్యస్థం | మధ్యస్థం |
| అడుగు బురద | లేదు | వడకట్టకపోతే ఉంది | లేదు | ఎక్కువ |
| రోజువారీ పని | తక్కువ | ఎక్కువ | చాలా తక్కువ | మొదట్లోనే |
| ఖర్చు | తక్కువ | మధ్యస్థం | ఎక్కువ | తక్కువ |
| తప్పు జరిగితే | రాత్రికి రాత్రే కూలుతుంది | మెల్లగా తెలుస్తుంది | పంట రోజులు పోతాయి | రోగం, సరుకు తిరస్కరణ |

యూరియా, సూపర్: తొందరగా ఎక్కేది, తొందరగా పడేది

దీని గుణం నేరుగా ఉంటుంది. నాచుకు నత్రజని, భాస్వరం కావాలి. మనం అవే ఇస్తున్నాం. యూరియాలో 46 శాతం నత్రజని, సూపర్‌లో 16 శాతం భాస్వరం. డీఏపీలో ఆ రెండూ వరుసగా 18, 46 శాతం. అడుగున బురద చేర్చదు, చేతికి అంటదు, ఊరి ఎరువుల కొట్లో దొరుకుతుంది.

ఎకరాకు 10 కిలోల యూరియా, 10 కిలోల సూపర్ సరిపోతుంది. మొదటి రోజే అంతా వేయొద్దు. 5, 5 వేసి నాలుగు రోజులు చూడండి. రేకు పళ్లెం ఇంకా అడుగున మెరుస్తుంటే మిగతా సగం వేయండి. సూపర్ గుళికలు అలాగే విసిరితే అడుగుకు పోయి మట్టిలో కలిసి బిగుసుకుంటాయి, నీళ్లకు అందేది కొంచెమే. రాత్రి డ్రమ్ములో నానబెట్టి, పొద్దున ఎండెక్కాక పైతేట చెరువంతా చల్లాలి. మబ్బు రోజున వేయడం దండగ.

ఇక లోపం. నాచు ఒక్కసారిగా పెరిగితే పగలంతా నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేస్తుంది. సాయంత్రానికి పీహెచ్ 9 దాటుతుంది, ముఖ్యంగా ఆల్కలినిటీ తక్కువున్న నీళ్లలో. పీహెచ్ 8 దగ్గర నీళ్లలోని అమోనియాలో విషపు భాగం పదో వంతు కూడా ఉండదు. 9 దగ్గర అది 40 శాతం దాకా పోతుంది. అంటే అమోనియా పెరగకపోయినా, పీహెచ్ పెరగడం వల్లే అదే నీళ్లు విషమవుతాయి. యూరియా కరిగి అమోనియాగానే మారుతుంది కాబట్టి దెబ్బ రెండు వైపుల నుంచీ ఉంటుంది.

మా దెబ్బ ఇలాగే తగిలింది. ఆ ఏడాది హేచరీతో పిల్ల తేదీ ముందే ఖరారు చేసి అడ్వాన్సు కట్టాను. బ్లీచింగ్ తర్వాత రంగు రాలేదు. పిల్ల వదలడానికి రెండు రోజుల ముందు గుమస్తా ఫొటో పంపాడు: "కలర్ వచ్చిందమ్మగారూ." ఫొటోలో నీళ్లు పచ్చగానే ఉన్నాయి. ఆఫీసు మీటింగులో ఉండి, ఒక్క క్షణం చూసి, వదిలేయమన్నాను. శనివారం వెళ్లి గట్టు మీద నుంచి చూస్తే ఆ పచ్చదనం నీళ్లది కాదు, అడుగున పరుచుకున్న నాచుది. నీళ్లు అద్దంలా ఉన్నాయి.

కంగారుపడి, నాన్న వద్దంటున్నా వినకుండా యూరియా రెట్టింపు వేయించాను. నాలుగో రోజుకు నీళ్లు ముదురాకుపచ్చ. సాయంత్రం పీహెచ్ 9.3. ఆ తర్వాత మూడు రోజులు మబ్బు పట్టింది. నాచంతా ఒక్క రాత్రిలో చచ్చి, తెల్లారేసరికి నీళ్లు పలచటి టీ రంగులోకి మారి, గాలి కింది మూలన జిగట నురగ చేరింది. పిల్ల ఎంత పోయిందో లెక్క తెలిసింది నలభై రోజులకు, వల విసిరినప్పుడే. నాన్న తిట్టలేదు. "నీళ్లకేం తొందర లేదమ్మా, మనకే," అన్నారు. పిల్ల తేదీని బట్టి నీళ్లు తయారుచేయకూడదని, నీళ్లు తయారయ్యాకే పిల్ల తేదీ చెప్పాలని నాకు అర్థమైంది ఆ రోజే.

అందుకని యూరియా చెడ్డదని కాదు. రోజూ పొద్దున, సాయంత్రం పీహెచ్ చూసే మనిషి ఉంటే ఇది చవకైన మంచి సాధనం. చూసే మనిషి లేకుండా దీన్నొక్కదాన్నే నమ్ముకుంటేనే ప్రమాదం.

తవుడు జ్యూస్: ఓపిక ఉన్నవాళ్లది

థాయ్‌లాండ్ రైతులు మొదలుపెట్టిన పద్ధతి ఇది. పులిసిన తవుడును నాచు కంటే ముందు బ్యాక్టీరియా, పురుగులు తింటాయి. అందువల్ల ఎండ మీద ఆధారం తక్కువ, పీహెచ్ పెద్దగా ఊగదు. తవుడు, బెల్లంలోని కార్బన్‌తో పెరిగే బ్యాక్టీరియా నీళ్లలోని అమోనియాను కూడా లాగేసుకుంటుంది. రంగు పచ్చగా కాక లేత గోధుమ రంగులోకి తిరుగుతుంది.

మేం చేసేది: ఎకరాకు 20 కిలోల మెత్తటి తవుడు, 5 కిలోల బెల్లం, పావుకిలో ఈస్ట్, గుమస్తా దగ్గరుండే ప్రోబయాటిక్ కొంచెం. తవుడుకు ఐదారు రెట్లు నీళ్లు పోసి, డ్రమ్ములో చిన్న గాలి పంపు పెట్టి ఒక రోజు ఉంచుతాం. తెల్లారి మూత తీస్తే దోసెల పిండి పులిసిన వాసన రావాలి. కుళ్లు వాసన వచ్చినా, పైన నల్లటి తెట్టు కట్టినా ఆ డ్రమ్ము పారబోయాల్సిందే, బేరం లేదు. బాగున్నదాన్ని గుడ్డతో వడకట్టి పాల లాంటి నీళ్లు మాత్రమే చెరువులో పోస్తాం. పిప్పి పోయం. రోజు విడిచి రోజు ఐదుసార్లు.

పుస్తకం లెక్క ఇంతకంటే చాలా ఎక్కువ, 50 నుంచి 100 పీపీఎం తవుడు. మన ఎకరా లెక్కలో 250 నుంచి 500 కిలోలు. పెద్ద ఏరేషన్, మధ్యలో బురద లాగే తూము ఉన్న చెరువులకు రాసిన లెక్క అది. మామూలు మట్టి చెరువులో అంత పోస్తే తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది, అడుగు నల్లబడుతుంది. మేం పోసేది అయిదుసార్లూ కలిపినా 20 పీపీఎమే. దాంతోనే పని జరుగుతోంది.

లోపం ఒకటే, చాకిరీ. వడకట్టే పని చాలా విసుగు. యజమాని లేనప్పుడు పిప్పితో సహా పోసేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. నేను గుమస్తాకు దానికి విడిగా కూలి మనిషిని ఇచ్చాను, అంతకుమించి దారి కనిపించలేదు. కరెంటు తరచూ పోయే చోట, జనరేటర్ లేనివాళ్లు దీని జోలికి ఆచితూచి వెళ్లండి. రాత్రి ఏరేటర్ ఆగితే బ్యాక్టీరియా కూడా రొయ్యతో పాటే ఆక్సిజన్ తాగుతుంది.

మంచి గుణం మళ్లీ చెబుతాను, ఎందుకంటే నాకు ఇది ముఖ్యం: ఇది చెడిపోయినా మెల్లగా చెడుతుంది. వాసన మారుతుంది, నురగ నిలుస్తుంది, రంగు ముదురుతుంది. రెండు మూడు రోజుల ముందు ఫోన్‌లో చెప్పగలిగే సూచనలు ఇవి.

రెడీమేడ్ ప్యాకెట్

నేను ఇక్కడ ఎక్కువసేపు ఆగను. మంచి కంపెనీలవి ఉన్నాయి, పనిచేసేవి ఉన్నాయి. కానీ కొన్ని ప్యాకెట్ల మీద లోపల ఏముందో ఉండదు. ఒకసారి నేను కొన్న "బ్లూమ్" పొడికి ఖర్చు యూరియా కంటే ఎన్నో రెట్లు, వచ్చిన ఫలితం యూరియా ఫలితమే.

కొనేముందు రెండు విషయాలు చూడండి. ఏ బ్యాక్టీరియా, గ్రాముకు ఎంత అని రాసి ఉందా? కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ ఇచ్చే యాంటీబయాటిక్ రహిత ధ్రువీకరణ ఉందా? రెండోది చాలా ముఖ్యం. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల జాడ కనిపిస్తే ఎగుమతి సరుకు వెనక్కు వస్తుంది. "నేను మందు వాడలేదు, ప్యాకెట్‌లో ఉందేమో తెలియదు" అన్న మాట అక్కడ చెల్లదు.

ఇది ఎవరికి పనికొస్తుందంటే, జ్యూస్‌లో కలపడానికి మంచి ప్రోబయాటిక్ కావాల్సినవాళ్లకు. దీన్నొక్కదాన్నే పోసి రంగు కోసం ఎదురుచూడడం నేను చేయను.

పేడ, కోళ్ల ఎరువు

నాన్న తరం వాళ్లు టైగర్ రొయ్యలకు వాడేవారు. అప్పటి పాత చేతిపుస్తకాల్లో హెక్టారుకు 500 నుంచి 1,000 కిలోల ఎండు పేడ అని ఉంటుంది. పురుగులు బాగా పెరిగే మాట నిజం. కానీ పచ్చి కోళ్ల ఎరువుతో సాల్మొనెల్లా, కోళ్లకు వాడిన మందుల అవశేషాలు చెరువులోకి వస్తాయి. శుద్ధి చేయని పశువుల ఎరువును విదేశీ కొనుగోలుదారులు అడిగే సర్టిఫికేషన్లు ఒప్పుకోవు. ఇప్పుడు వనామీ రకం రొయ్య వేసేవాళ్లకు నా సలహా సూటిగా: వద్దు.

నీళ్లు ఎక్కడివి?

ఈ ప్రశ్న పట్టికలో పెట్టలేకపోయాను గానీ పట్టికంత బరువైనది.

కాలువ, క్రీకు నీళ్లయితే వాటిలో ప్రాణం ఉంటుంది, రోగం మోసేవీ ఉంటాయి. పూర్తి బ్లీచింగ్ తప్పదు. ఆ తర్వాత రంగు త్వరగానే వస్తుంది, ఎందుకంటే నీళ్లలో పోషకాలు ముందే ఉంటాయి. ఇక్కడ యూరియా సగం మోతాదు చాలు. ఒక్కోసారి అసలు అక్కర్లేదు.

ఉప్పు బోరు నీళ్లయితే పీతల భయం తక్కువ, కానీ ఇనుము ఉంటుంది, కొన్నిచోట్ల అమోనియా ఉంటుంది, ప్రాణం మాత్రం ఉండదు. పైకి తోడిన నీళ్లు గాలి తగిలి ఎర్రబడితే ఏరేటర్లు వేసి రెండు మూడు రోజులు తేరనివ్వాలి. అలాంటి నీళ్లలో యూరియా వేస్తే ఉన్న అమోనియాకు ఇంకొంత కలిపినట్టు. తవుడు దారే నయం.

బోరు నీళ్లలో ఇంకో లోటు పొటాషియం. సముద్రపు నీళ్లను ఉప్పు 5 పీపీటీకి (లీటరుకు 5 గ్రాములు) పలచన చేస్తే వాటిలో పొటాషియం 54, మెగ్నీషియం 195, కాల్షియం 58 పీపీఎం దగ్గర ఉంటాయి. మీ బోరు రిపోర్టులో కాల్షియం దండిగా ఉండి పొటాషియం 10, 15 దగ్గర ఆగిపోతే, ఎంత మంచి రంగు తెప్పించినా గుల్ల మార్చేటప్పుడు రొయ్య నిలవదు. ఎకరంలో పొటాషియం 10 పీపీఎం పెంచాలంటే దాదాపు 100 కిలోల ఎంఓపీ (పొటాష్ ఎరువు) పడుతుంది. ఎరువు బడ్జెట్ వేసేముందు ల్యాబు రిపోర్టు తెప్పించండి. భీమవరంలో ఆక్వా ల్యాబులకు కొదవ లేదు.

ఎవరికి ఏది

*హైదరాబాద్‌లో ఉద్యోగం, చెరువు దగ్గర గుమస్తా ఒక్కడే:* నాలాంటివాళ్లు. తవుడు జ్యూస్ ముఖ్యం, యూరియా తోడు. మొదటి రోజు ఎకరాకు 5 కిలోల యూరియా, 5 కిలోల సూపర్ ఒక్కసారే. దాంతో రంగు అంటుకుంటుంది. మూడో రోజు నుంచి జ్యూస్. దాంతో అది నిలుస్తుంది. ఆ తర్వాత ఏం జరిగినా ఫోన్‌లో యూరియా వేయమని చెప్పకూడదని నాకు నేను నియమం పెట్టుకున్నాను. వెళ్లి చూసి, అప్పుడే.

*అమ్మానాన్నలు ఊళ్లోనే ఉండి చూసుకుంటున్నారు, మీరు డబ్బు పంపి సలహా చెబుతున్నారు:* వాళ్లకు చేతికి అలవాటైన దారి యూరియా, సూపర్ అయితే దాన్ని మార్చకండి. నలభై ఏళ్లు నీళ్లు చూసిన కన్ను ఏ కిట్ కంటే తక్కువ కాదు. మీరు చేయగలిగింది ఒక మంచి పీహెచ్ మీటరు కొనిచ్చి, సాయంత్రం రీడింగ్ కూడా రాయమని అడగడం. చాలామంది పొద్దుటిది ఒక్కటే చూస్తారు. ప్రమాదం సాయంత్రపు అంకెలో ఉంటుంది.

*లీజు చెరువు, పోయిన పంట ఎవరు వేశారో ఏం జరిగిందో తెలియదు:* ఎరువు గురించి ఆలోచించే ముందు అడుగు మట్టి గురించి ఆలోచించండి. రాతి సున్నానికి డబ్బు పెట్టి, ఎరువు చవకగా కానివ్వండి. రెండింటికీ బడ్జెట్ లేకపోతే ఆ లీజు ఈ ఏడాది వదులుకోవడమే మంచిది.

*ఏరేటర్లు తక్కువ, కరెంటు నమ్మకం లేదు:* పిల్ల పలచగా వదలండి. తక్కువ మోతాదు యూరియా, సూపర్ చాలు. తవుడు వద్దు.

*శంకరపల్లి వైపు ఫామ్‌హౌస్‌లో వనామీ వేద్దామనుకునేవాళ్లు:* నన్ను ఇద్దరు ముగ్గురు అడిగారు. ఉప్పు కొని నీళ్లలో కలిపి పెంచొచ్చు, కానీ ఆ ఉప్పు నీళ్లు చివరికి పోయేది పక్క పొలంలోకి, పక్కవాళ్ల బోరులోకి. మంచినీటి చేపలు వేసుకోండి. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్తుంటే రాజేంద్రనగర్ దగ్గర చేప ఆకారంలో కనిపించే భవనం జాతీయ మత్స్య అభివృద్ధి మండలిది. కట్టేసి బాధపడే ముందు ఒకసారి అక్కడికి వెళ్లి అడిగి రండి.

ఫోన్‌లో నీళ్లు చూడడం ఎలా

ఫొటో నమ్మి నేను ఒక పంట పోగొట్టుకున్నాను కాబట్టి, ఇప్పుడు ఫొటో అడగను. మూడు వీడియోలు అడుగుతాను.

మొదటిది రేకు పళ్లెం. తాడుకు పది సెంటీమీటర్లకో ముడి. ఎన్నో ముడి దగ్గర పళ్లెం మాయమైందో వేలు పెట్టి చూపించాలి. మధ్యాహ్నం ఒకటిన్నరకు, గట్టు దగ్గర కాదు, చెక్ ట్రే (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) దించే బల్ల చివర నుంచి.

రెండోది పీహెచ్, పొద్దున ఆరింటికి, సాయంత్రం నాలుగున్నరకు. రెండంకెలూ ఒకే కాగితం మీద రాసి.

మూడోది గాజు గ్లాసు. తెల్లవారకముందు చెరువు నీళ్లు గ్లాసులో ముంచి, వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చి వేయమంటాను. వీడియో పది సెకన్లు కదలకుండా తీయాలి. నీళ్లు బాగుంటే గ్లాసులో గసగసాలంత తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఊరికే తేలవు, కుదుపు కుదుపుగా, చిటికె వేసినట్టు ఎగిరి ఎగిరి వెళ్తాయి. పిల్ల తినే పురుగులు అవే. రంగు ఎంత అందంగా ఉన్నా గ్లాసులో కదలిక లేకపోతే ఇంకో వారం ఆగుతాను. అవి గుడ్డు నుంచి పెరిగి మళ్లీ గుడ్డు పెట్టడానికి వారం రెండు వారాలు పడుతుంది, వాటిని తొందరపెట్టే ప్యాకెట్ లేదు.

వదిలే ముందు ఒకసారి ల్యాబులో విబ్రియో (రొయ్యకు రోగం తెచ్చే బ్యాక్టీరియా) ప్లేటు పరీక్ష కూడా వేయించండి. పసుపు చుక్కలు కొన్ని ఉన్నా పర్వాలేదు. ఆకుపచ్చ చుక్కలు ఎక్కువుంటే ఇంకో విడత ప్రోబయాటిక్ వేసి మళ్లీ చూడాలి.

అన్నీ కలిపితే నీళ్లు తోడిన రోజు నుంచి పిల్ల వదిలే రోజు దాకా మాకు 20 రోజుల దాకా పడుతోంది. పక్క చెరువులవాళ్లు పది, పన్నెండు రోజులకే వదిలేస్తారు. ఆ పది రోజుల తేడాకు లీజు, కరెంటు ఖర్చు ఎంతో నాకు తెలుసు. హేచరీకి ఇప్పుడు నేను ముందే ఒకటి చెప్పి పెడతాను: తేదీ నేను ఫోన్ చేశాకే. మొదట విసుక్కున్నారు. ఇప్పుడు వాళ్లే అడుగుతున్నారు, "గ్లాసు చూశారా అమ్మా?" అని.

ఈ శుక్రవారం మళ్లీ బస్సు ఉంది. బ్లీచింగ్ అయి ఆరు రోజులైంది, కిట్‌లో రంగు రావడం లేదట. ఎకరాకు ఐదు కిలోల చొప్పున సూపర్ డ్రమ్ములో నానబెట్టమని గుమస్తాకు చెప్పాను. ఎండ ఉంటే శనివారం పొద్దున చల్లుతాం, మబ్బు పడితే ఆదివారం దాకా ఆగుతాం.